నేను పెంచిన కిరాయి

కరీంనగర్‌లో మేము మొదట కాపురం పెట్టిన ఇంటికి కిరాయి నెలకు ఏడు రూపాయలు. హాలీ రూపాయలు. నిజాం సర్కారు పోయాక కూడా ఆ నాణెం కొన్నేళ్లు చెల్లింది. మా ఆయన బడిపంతులు. ఇల్లుగలామె భూములున్న ముసలమ్మ, పక్క భవంతిలోనే ఉండేది.

హాలీ పోయి ఇక ఇండియా సర్కారు కల్దారు రూపాయలే చెల్లుతాయన్నప్పుడు మా ఆయన ఆరు కల్దార్లు తీసుకుపోయి ఆమెకు ఇచ్చాడు. ఏడు హాలీలకు ఆరు కల్దార్లని బజారులో అందరికీ తెలుసు. ముసలమ్మ వాటిని ముట్టుకోలేదు.

"ఏడు రూపాయలని మాట్లాడుకున్నం. ఏడే ఇయ్యాలె."

"అవి హాలీలు గదమ్మా. మాకు జీతం గూడ గదే లెక్కన తగ్గించి ఇస్తున్నరు."

"జీతం సంగతి సర్కారును అడుగు పంతులూ. నా ఇల్లేమన్న చిన్నగయ్యిందా?"

ఏడు కల్దార్లే ఇచ్చాం. ఆ తర్వాత ఏటేటా ఒక రూపాయి పెరుగుతూ వచ్చింది. ఎందుకని అడిగితే "బియ్యం పిరమైనయి బిడ్డా" అనేది. ఆ బియ్యం ఆమె పొలంలో పండినవే. మేము కొనేదీ ఆమె దగ్గరే. ధర పెంచి మాకు అమ్మేదీ ఆమే, ధర పెరిగిందని కిరాయి పెంచేదీ ఆమే.

కిరాయి పదకొండుకు చేరిన ఏడాది నాకు కొడుకు పుట్టాడు. అప్పుడే ఎవరో కచేరీ గుమాస్తా ఆ ఇంటికి పదిహేను ఇస్తానని వచ్చాడట. నెల చివరికి ఖాళీ చేయమని ముసలమ్మ కబురు పంపింది. బాలింత ఉంది, పురుడు వెళ్లాక పోతామని మా ఆయన బతిమాలాడు. ఆమె సరేననలేదు, కాదనలేదు. మర్నాడు పొద్దున వడ్లాయన ఉలి, సుత్తి పట్టుకుని వచ్చి వీధి తలుపు రెక్కలు ఊడదీయడం మొదలుపెట్టాడు.

"ఏందన్నా గిది?" అని మంచంలోంచే అడిగాను.

"బాగుచెయ్యాలని తీసుకరమ్మన్నదమ్మా." అతను నావైపు చూడలేదు. "నాకు కూలి ఇస్తున్నరు, నేనేం జేస్త?"

పుష్యమాసపు చలి. పిల్లవాడికి ఎనిమిది రోజులు. గుమ్మానికి నా పెళ్లిచీర అడ్డం కట్టుకుని మూడు రోజులు ఉన్నాం. నాలుగో రోజు మా ఆయన సామాను బండిలో వేశాడు. ముసలమ్మ గడప దగ్గర నిలబడి మా గిన్నెల్లో తనవేమైనా ఉన్నాయేమోనని చూసింది. పిల్లవాడు బతికాడు గానీ రెండేళ్లదాకా ఊపిరి తీస్తే గొంతులో పిల్లి కూసినట్టుండేది. ఆ చప్పుడు వింటూ వాణ్ని ఒళ్లో పెట్టుకుని కూర్చునేదాన్ని. ఆ ముసలమ్మ చావాలని రోజూ కోరుకున్నాను. ఆమె ఆరోగ్యంగా ఉండేది.

తర్వాత నాలుగు ఇళ్లు మారాం. ప్రతి ఇల్లూ ముందరిదానికంటే చిన్నది, బజారుకు ఇంకాస్త దూరం. చివరికి నా మెడలో కంటె అమ్మి, మా బాపు ఇచ్చిన రెండు బర్రెలు అమ్మి, మానేరు వైపు ఊరిచివర కొంత జాగ కొన్నాం. మట్టి గోడలు, పైన పెంకులు, మూడు గదులు. రెండు మాకు, ఒకటి కిరాయికి.

ఆ గదిలోకి మగ్గం నేసే ఆలుమగలు వచ్చారు. పిల్లలు లేరు. ఆయనకు నలభై దాటాయి. కిరాయి ఎనిమిది రూపాయలన్నాను. గుంట తవ్వుకోవచ్చా అని అడిగాడు. ఆ మగ్గానికి గుంట ఉండాలి. నేత మనిషి అంచున కూర్చుని కాళ్లు గుంటలో పెట్టి తొక్కుతాడు. సరేనన్నాను. ఆరేళ్లు ఆ మగ్గం చప్పుడుతోనే నాకు తెల్లారింది. నాకు జ్వరం వస్తే ఆమే మా పిల్లలకు జొన్న గటక వండి పెట్టేది. నా కూతురు ఆమె వేలు పట్టుకునే నడక నేర్చింది.

తర్వాత వానలు లేని ఏళ్లు వచ్చాయి. బియ్యం దొరకడమే కష్టమైంది. జొన్నల కోసం కూడా వరుసలో నిలబడేవాళ్లం. నేను కిరాయి పది చేశాను, తర్వాత పదమూడు చేశాను. నేతాయన భార్య తెచ్చి ఇచ్చింది. పద్దెనిమిది అన్నప్పుడు ఆయనే వచ్చాడు.

"పంతులమ్మా, చీరకు కూలి నాలుగేండ్ల సంది గంతే ఉన్నది. సేటు పెంచుతలేడు. యాడికెల్లి తేవాలె?"

"నాకు బియ్యం అగ్గువకు ఇస్తున్నరా అన్నా? పద్దెనిమిది ఇచ్చెటోళ్లు మస్తుమంది ఉన్నరు."

ఆ సాయంత్రం మా ఆయన నాతో అన్నాడు, "మన తలుపులు పీకిచ్చిన ముసల్ది యాదికి లేదా నీకు?"

"యాదికున్నది గనుకనే ఇల్లు కట్టిన" అన్నాను. ఆయన మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ఆ కొత్త కిరాయితోనే ఆయన చెప్పులు కొనాల్సి ఉంది.

నేను తలుపులు పీకించలేదు. గుంట వల్ల గోడకు చెమ్మ పడుతోందని, పూడ్చేయమని నేతాయనకు చెప్పాను. చెమ్మ లేదని నాకు తెలుసు, ఆయనకూ తెలుసు.

"మగ్గం మీద చీర సగమున్నది. జర రెండు దినాలు ఆగమ్మా."

"రేపటికల్ల పూడ్చాలె."

ఆయన భార్య గడపలోకి వచ్చింది. "నీ పిలగాండ్లు నా చేతి బువ్వ తిన్నరు పంతులమ్మా."

"తిన్నదానికి కిరాయిల తగ్గియ్యమంటవా?"

ఆ మాట అనేశాక నాకే చెవులు వేడెక్కాయి. కానీ వెనక్కి తీసుకోలేదు. మర్నాడు మధ్యాహ్నం ఆయన మగ్గం మీది పడుగు దారాలు కోసేశాడు. ఎర్ర అంచు చీర, సగం నేసినది. దాన్ని మడిచి ఆమె ఒళ్లో పెట్టి, తట్టతో మట్టి మోసి గుంట పూడ్చాడు. పైన పేడతో అలికింది ఆమె. మా కూతురు ఆమె కొంగు పట్టుకుంటే లోపలికి లాక్కొచ్చి తలుపు వేశాను.

వాళ్లు ఖాళీ చేసిపోయిన నెలలోపే ఆ గదికి మరో నేత కుటుంబం వచ్చింది. గుంట తవ్వుకుంటామన్నారు. తవ్వుకోండి, కిరాయి మాత్రం ఇరవై అన్నాను. ఒప్పుకున్నారు.

మరుసటేడు పిల్లలతో కొండగట్టు గుడికి పోయాను. మెట్ల దగ్గర బస్తా పరుచుకుని కొబ్బరికాయలు అమ్ముతోంది ఆ మొదటి నేతాయన భార్య. ముందు మా కూతురే గుర్తుపట్టి ఉరికింది. ఆమె పిల్ల బుగ్గలు నిమిరి, నన్ను కూర్చోమంది. మొగుడు షోలాపూర్ మిల్లుకు పోయాడట. ఉత్తరాలు వస్తున్నాయా అని అడిగితే కాయల మీది దుమ్ము తుడిచింది. కొండ కింద గుడిసె వేసుకుంది.

"గుడిసె జాగకు గూడ కిరాయే పంతులమ్మా. నెలకు రెండు ఉండె, ఇప్పుడు జాగగలాయన మూడు చేసిండు."

కాయ ఎంత అని అడిగాను.

"అరవై పైసలు. కాయలు పిరమైనయి."

"యాభైకియ్యి" అన్నాను. నోటికి అలవాటైన మాట, వచ్చేసింది.

ఆమె బస్తా మీద ఉన్నవాటిలోంచి పెద్దకాయ ఒకటి ఏరి, చెవి దగ్గర ఊపి చూసి, నా చేతిలో పెట్టింది. నేను యాభై పైసలే ఇచ్చాను.