కురుమయ్య పడవకు ఉక్కు తీగలు

ఉదయం ఆరుంబావుకు నల్గొండ బస్టాండులో దేవరకొండ బస్సెక్కాను. చేతిసంచిలో రెండు జతల బట్టలు, గోనెసంచిలో చుట్టచుట్టిన ఉక్కు తీగ, మర తిప్పి బిగించే ఆరు కొక్కేలు, ఒక రెంచీ. నేను పాలిటెక్నిక్‌లో మెకానికల్ పాఠాలు చెప్తాను. కిందటి చలికాలం హైదరాబాదులో తెరచాప పడవ నడపడం నేర్చుకున్నాను. నాలుగంటే నాలుగే రోజులు. ఆ చదువు నాచేత ఏం చేయించిందో చెప్పుకోవాలంటే సిగ్గుగా ఉంది. అయినా కృష్ణ ఒడ్డున ఉన్న సోమశిలకు వెళ్ళేవాళ్ళకు పనికొస్తుందని రాస్తున్నాను.

ఆడవాళ్ళకు జీరో టికెట్, పైసా ఇవ్వక్కర్లేదు. పక్కసీటులోని అవ్వ గోనెసంచిని కాలితో తట్టి చూసింది.

"ఏంది బిడ్డా గిది, కరెంటు తీగనా?"

"కాదవ్వా, పడవకు."

"నల్గొండల పడవలు యాడున్నయ్? మేం నీళ్ళ ట్యాంకరు కాడ కొట్లాడుకుంటున్నం" అని పడీపడీ నవ్వింది.

దేవరకొండలో ఇడ్లీ, చాయ్. అక్కడి నుంచి డిండి మీదుగా కల్వకుర్తి, అక్కడ గంటసేపు పడిగాపులు. కొల్లాపూర్ చేరేసరికి ఒంటిగంట దాటింది. సోమశిలకు షేర్ ఆటోలు దొరుకుతాయి, అరగంట చాలు. ఎండాకాలం వెళ్ళేవాళ్ళు తలకు గుడ్డ మర్చిపోవద్దు.

కురుమయ్య కృష్ణలో చేపలు పట్టి బతికే మనిషి. కిందటిసారి మా కాలేజీ పిల్లల్ని అవతలి ఒడ్డు దాకా తిప్పి తెచ్చింది ఆయనే. ఆయన పడవకు వెదురు బొంగు నిలబెట్టి, కుట్లు వేసిన ప్లాస్టిక్ పట్టాలను తెరచాపగా కట్టుకున్నాడు. ముడి మీద ముడి పడ్డ తాళ్ళు, బొంగు మొదట్లో ఒక పాత చీర పేలిక. అది చూసినప్పటి నుంచీ నా చేతులు ఊరుకోలేదు. ఫోన్ చేసి అంతా కొత్తది బిగిస్తానంటే "మీ ఇష్టం మేడమ్" అన్నాడు. అది ఒప్పుకోవడం కాదు, మర్యాద. నాకు ఆ తేడా తెలియలేదు.

సాయంత్రం దాకా పనిచేశాను. పాత తాళ్ళు కోసేశాను. పేలిక విప్పి అవతల పడేశాను. బొంగును మూడువైపులా ఉక్కు తీగతో లాగి, మొదట్లో ఇనుప పట్టీ వేసి బిగించాను. మీటితే మోగేంత బిగువు. కురుమయ్య చుట్టూ తిరిగి చూసి ఒక్కటే అడిగాడు.

"మేడమ్, గిది పడాలంటే ఎట్ల పడ్తది?"

"పడకుండ ఉండుడే గద మనకు గావాల్సింది!" అన్నాను, క్లాసులో తెలివితక్కువ ప్రశ్న వేసిన పిల్లవాడికి చెప్పినట్టు. ఆయన తల ఊపి, కోసేసిన తాళ్ళు ఏరుకోసాగాడు. ఆయన భార్య చెన్నమ్మ మాత్రం, "జర పైలంగ సూడుండ్రి అక్కా. నీళ్ళు తగ్గిన గీ నెలనే మాకు చాపలు చిక్కేది, ఏడాది బువ్వ గిందులనే" అంది. రాత్రి కొల్లాపూర్ లాడ్జిలో జొన్నరొట్టె తిని హాయిగా నిద్రపోయాను.

తెల్లారి ఆరున్నరకు పడవ వదిలాం. గాలి పట్టుకోగానే ఉరికింది. "సూసినవా కురుమయ్యా!" అని చప్పట్లు కొట్టాను. ఆయనా నవ్వాడు. డ్యాం కట్టినప్పుడు కృష్ణలో మునిగిన పాత ఊరి గోడలు ఈ కాలంలో నీళ్ళ అంచుకు తేలతాయి. కొన్ని కనబడతాయి, కొన్ని జానెడు లోతున దాక్కుంటాయి. వాటి మధ్య పడవ పట్టేంత సన్నని దారి ఉంది.

ఆ దారి మొదట్లోకి రాగానే కురుమయ్య చెయ్యి అలవాటుగా బొంగు మొదటికి పోయింది. అక్కడ పేలిక ఉంటే ఒక్క గుంజుతో ముడి ఊడి, బొంగూ తెరచాపా పడవలో వాలిపోయేవి. తర్వాత గడకర్రతో నెమ్మదిగా తోసుకుంటూ పోవడం ఆయన పద్ధతి. ఆయన చేతికి నా ఇనుప పట్టీ తగిలింది. అప్పటికి గానీ నిన్నటి ప్రశ్న నాకు అర్థం కాలేదు.

కొండ వైపు నుంచి గాలి విసిరికొట్టింది. నేను కొక్కెం విప్పబోతే రెంచీ జారి నీళ్ళలో పడింది. కురుమయ్య గడకర్ర అడ్డం పెట్టి ఆపాలని చూశాడు. పడవ ఆగలేదు, గోడకు కొట్టుకుంది. పక్క చెక్క నిలువునా చీలింది. నడుంలోతు నీళ్ళలోకి దిగి, తోసుకుంటూ ఒడ్డుకు తెచ్చాం.

నలుగురైదుగురు చేపలవాళ్ళు ఉరికొచ్చారు. "ఏమైందే కురుమా? ఇన్నేండ్ల సంది పోతున్నవ్, గోడ కనవడలేదా?" అన్నాడు ఒకాయన.

"నేనే సూస్కోలే" అన్నాడు కురుమయ్య.

నేను చున్నీ పిండుకుంటూ పక్కనే నిలబడ్డాను. తప్పు నాదని చెప్పడానికి రెండు మాటలు చాలు. క్లాసులో గంటలు గంటలు వాగే నోటికి ఆ రెండు మాటలు రాలేదు. వాళ్ళు వెళ్ళిపోయాక బాగుచేయించే ఖర్చు నేను పెట్టుకుంటానన్నాను, అదీ గొణిగినట్టు.

"చెక్క ఏసేటి వడ్లాయన రావాలె గద, పదిరోజులు పడ్తది. మీరు పొండ్రి మేడమ్, మల్ల బస్సు దొరకదు" అన్నాడు.

సోమశిల చూడదగ్గ చోటే. పొద్దున్నే వెళ్ళండి, పడవ ఎక్కండి. చేతులు ఊపుకుంటూ వెళ్ళి, పడవాయన చెప్పింది వినండి.

కొల్లాపూర్ నుంచి మూడింటికి కల్వకుర్తి చేరాను. దేవరకొండ బస్సులో కిటికీ పక్కన కూర్చున్నా మనసు ఒడ్డు దగ్గరే ఉంది. ఇక ఓర్చుకోలేక ఫోన్ చేశాను. చెన్నమ్మ ఎత్తింది.

"చెన్నమ్మా, పొద్దుగాల నేను నోరు మూసుకున్న. తప్పు నాదని నువ్వన్న అందరికి చెప్పు."

"అందరికి ఎరుకే అక్కా" అంది చెన్నమ్మ, కోపం లేకుండా. "నిన్న మీరు బిగిస్తుంటె సూసిన్రు గద. ఆయమ్మ ముంగట ఎవ్వలు ఏమనొద్దు, మనసు నొచ్చుకుంటదని మా ఆయన రాత్రే ఇంటింటికి తిరిగి చెప్పొచ్చిండు."

రాత్రే. అంటే పడవ విరగకముందే. గోడ కనవడలేదా అని అడిగినాయనకూ తెలుసన్నమాట.

కండక్టరు వచ్చి ఎక్కడికమ్మా అని రెండుసార్లు అడిగాడు.