నీలి రెక్కల పక్షపాతం

ఆ రోజుల్లో మాకు ప్రేమించడం ఎంత వచ్చో తెలియదు గానీ కుళ్ళుకోవడం మాత్రం బాగా వచ్చు. నేనైతే ఒక సీతాకోకచిలుక వల్ల కూడా కుళ్ళుకున్నాను. అప్పుడే గని ఆఫీసులో క్లర్కుగా చేరాను. ఒక ఆదివారం మా చర్చి కుర్రకారంతా ములకలపల్లి దాటి అడవిలో వాగు దగ్గరికి పిక్నిక్ వెళ్లాం. కొత్తగా వచ్చిన సైన్సు టీచరమ్మ కూడా వస్తుందని తెలిసి, క్రిస్మస్‌కు కుట్టించిన చొక్కా తొడిగి సగం సీసా సెంటు కొట్టుకున్నాను. మా పెద్దమ్మ కొడుకు, నాకు అన్న, గనిలో రాత్రి షిఫ్టు దిగి స్నానమైనా చేయకుండా వ్యానెక్కాడు. వీపు మీద చెమట ఎండి తెల్లటి ఉప్పు చారలు కట్టింది. (ఇతనితో నాకు పోటీ ఏముంటుందిలే అనుకున్నాను.)

వాగు ఒడ్డున తడి ఇసుక మీద అరచేయంత సీతాకోకచిలుకలు వాలి ఉన్నాయి. నల్లటి రెక్కలు, వాటి మీద లేత నీలం. టీచరమ్మ మెల్లగా, "బ్లూ మార్మన్లు. మనిషి మీద వాలంగ ఒక్క ఫోటో తీయాలని ఎన్నాళ్ల సందో ఆశ," అంది. ఆ ఆశ తీర్చేది నేనే కావాలని చేయి చాచి గుంజలా నిలబడ్డాను. ఒక్కటీ నా వంక చూడలేదు. అన్న బండకు ఆనుకుని కునుకు తీస్తుంటే మాత్రం ఒకటి తీరిగ్గా వచ్చి అతని భుజం మీద వాలింది. సన్నటి తొండం చాపి ఆ మురికి చొక్కాను జుర్రుకోసాగింది. వెనకే ఇంకోటి. టీచరమ్మ ఫోన్ పట్టుకుని అతని పక్కనే చతికిలబడింది. ఉండబట్టలేక నేనూ దగ్గరికి వెళ్లాను.

"ఏంది టీచర్, మా అన్నల ఏం కనబడ్డది వాటికి?"

"ఉప్పు. గిట్ల వచ్చేటియి మగవే. చెమటల, తడి మట్టిల ఉప్పు పీల్చి ఆడదానికి కానుకగ ఇస్తయ్."

ఇంకేం, చాటుకు వెళ్లి జామకాయల కోసం తెచ్చిన ఉప్పును నీళ్లలో కలిపి మెడకూ చొక్కాకూ పూసుకున్నాను. సీతాకోకచిలుకలు రాలేదు. ఈగలు వచ్చాయి. అన్న ఒక కన్ను తెరిచి, "ఏందిరా, ఊరగాయ లెక్క తయారైనవ్?" అన్నాడు. అందరూ నవ్వారు. టీచరమ్మ కళ్ళు తుడుచుకుంటూ మరీ నవ్వింది.

తిరుగు ప్రయాణంలో ఆమె వచ్చి నా పక్కనే కూర్చుంది. గబగబా చొక్కా మీది ఉప్పు దులుపుకున్నాను.

"మీ అన్నకు సంబంధాలు గిట్ట చూస్తున్నరా? మనిషి మంచోడేనా?"

తాగుతాడనొచ్చు. కారేపల్లిలో ఎప్పుడో పిల్లను ఖాయం చేశారనొచ్చు. అబద్ధాలన్నీ నాలుక చివరి దాకా వచ్చి వరస కట్టాయి. చివరికి బయటికొచ్చింది మాత్రం, "ఇంకా చూస్తలేరు టీచర్. నాకంటె మంచోడు."

ఇప్పుడామె మా వదిన. వాళ్లింట్లో అన్నం తిన్నప్పుడల్లా వ్యాన్‌లో తల దించుకుని కూర్చున్న ఆ కుర్రాడు గుర్తొస్తాడు. ఒక్క అబద్ధం ఆడితే నీ సొమ్మేం పోయేదిరా నాయనా అని అడగాలనిపిస్తుంది. నవ్వొస్తుంది, కొంచెం ముద్దు కూడా వస్తాడు.