నడుంలోతు తేడా

థీసిస్ గడువు అప్పటికే రెండుసార్లు పొడిగించారు. మూడోసారి ఉండదని గైడ్ ముందే చెప్పేశారు. సోమవారం సెమినార్. శుక్రవారం నాటికి నా దగ్గర ఉన్నవి: సముద్రం ఒడ్డున ఒక నగరం, దాని మీదికి పడవల్లో వచ్చే నీలి దళం, ఒడ్డున కాచుకున్న ఎర్ర దళం, నలభై రన్‌ల ఫలితాలు. అంతా కంప్యూటర్‌లో ఆడించే ఉత్తుత్తి యుద్ధం; ఒక్కో ఆట ఒక్కో రన్. నలభై సార్లూ నీలి పడవలు ఒడ్డుకు దూరంగానే ఇసుకలో కూరుకుపోయాయి. నలభై సార్లూ నగరం నిలిచింది.

వారాసిగూడ నుంచి బండి మీద వచ్చే నా జూనియర్ ల్యాబ్‌లో నా పక్క సీటే.

“ఏందన్నా, మళ్ల ఎర్రోళ్లేనా? మ్యాచ్ ఫిక్సింగ్ లెక్క ఉన్నది గిది.”

“మోడల్ అంతే.”

“ఒక్కసారన్న ఒడ్డెక్కనియ్యరాదె. పాపం, ఈత రాదేమో ఆళ్లకు.”

నవ్వే ఓపిక కూడా లేకపోయింది.

నగరం పేరు థీసిస్‌లో లేదు, ఉండకూడదు. మ్యాపులు తెచ్చింది నేనే కాబట్టి నాకు తెలుసు. బీచ్ రోడ్డు వెనక రెండో వీధి, పదిహేడో నంబరు బ్లాకులో మా అక్క వాళ్ళుంటారు. మోడల్‌లో ప్రతి బ్లాకుకూ ఎత్తు, గోడ మందం ఉంటాయి. మనుషులుండరు.

శనివారం పొద్దున తార్నాకలో నా గదికి ఇంటాయన వచ్చారు, నీళ్ళ మోటారు పాడైందని చెప్పడానికి. కాకినాడ వైపు మనిషి. రిటైరయ్యేదాకా ఓడరేవు సర్వే లాంచీలో తిరిగి సముద్రం లోతు కొలిచారు. మోటారు సంగతి చెబుతూ చెబుతూ నా స్క్రీన్ దగ్గర ఆగిపోయారు.

“ఇదెక్కడి సముద్రమయ్యా, ఇంత మెరకగా ఉంది?”

“ఓడల వాళ్ళ చార్టులోని లోతులేనండీ, బాబాయ్‌గారూ.”

“మరి ఊరి ఎత్తులో?”

“నేల మ్యాపులోవి.”

“రెండూ అలాగే అతికించేశావా?”

తలూపాను. ఆయన మంచం అంచున కూర్చున్నారు.

“నేల మ్యాపులో సున్నా అంటే సగటు సముద్రమట్టం. చార్టులో సున్నా అంటే ఆటుకు నీళ్ళు బాగా వెనక్కి తీసినప్పటి మట్టం. ఓడ అడుగు తగలకూడదని మేం లోతు తక్కువ చేసి చెబుతాం. రెంటికీ మధ్య నడుంలోతు తేడా ఉంటుంది. ఆ నీళ్ళన్నీ నువ్వు మింగేశావు.”

ఇది మొదటి ఏడాది పాఠం. నా నోట్‌బుక్‌లోని తనిఖీ జాబితాలో మూడో అంశం కూడా ఇదే: రెండు సున్నాలూ కలిశాయా? ఎదురుగా టిక్కు ఉంది. ఎప్పుడు పెట్టానో గుర్తు లేదు, ఎందుకు పెట్టానో గుర్తుంది. మొదటి రన్‌లోనే నగరం నిలిచింది. నీలి దళం గెలిచి ఉంటే ఆ రోజే ఒకటో అంశం నుంచి అన్నీ మళ్ళీ చూసేవాణ్ణి.

దిద్దడానికి ఒక్క లైను కోడ్ చాలింది. ఆదివారం ఖాళీ క్యాంపస్‌లో కూర్చుని నలభై రన్‌లూ మళ్ళీ నడిపాను. పడవలు ఈసారి నేరుగా ఒడ్డుకే వచ్చాయి. నగరం నిలిచింది తొమ్మిదిసార్లు. పదిహేడో బ్లాకు ఎప్పుడు పోయిందో ప్రతి రన్‌లోనూ చూశాను. ఆ కాలమ్ థీసిస్‌కు అక్కర్లేదు.

సోమవారం సెమినార్‌కు గంట ముందు గైడ్‌కు పాత, కొత్త ఫలితాల పట్టికలు రెండూ ఇచ్చాను. ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

“పాతది చెప్పేసినా ఎవరూ పట్టుకోరు, తెలుసుగా?”

“తెలుసు సార్.”

“సరే, వాయిదా వేద్దాం. పొడిగింపుకు రాస్తాను. ఇస్తారని మాత్రం అనుకోకు.”

సాయంత్రం తార్నాకకు నడిచి వస్తుంటే అక్క ఫోన్ చేసింది.

“సెమినార్ బాగా అయిందా?”

“వాయిదా పడింది.”

“మళ్ళీనా! ఏమైందిరా?”

“సముద్రంలో నీళ్ళు తక్కువ పోశాను.”

“ఇక్కడ కావలసినన్ని ఉన్నాయి, బిందె తెచ్చుకో,” అంది.

ఫోన్‌లో అక్క వెనక బీచ్ రోడ్డు హారన్లు వినిపిస్తున్నాయి. ఫోన్ పెట్టేయకుండా కాసేపు అలాగే విన్నాను.