ప్రిన్స్‌గారి రక్తం

మా అన్నయ్య జాబెజ్ ఇంట్లో మర్యాదలకు ఒక వరస ఉండేది. మొదట ప్రిన్స్ జుట్టు, తరవాత ప్రిన్స్, ఆ తరవాత అన్నయ్య పైపు. ఆఖరున, చోటు మిగిలితే, మా వదిన హన్నా.

ప్రిన్స్ అంటే రాజకుమారుడు కాదు, పిల్లికంటే కాస్త పెద్ద కుక్క. ఉక్కులా మెరిసే నీలపు జుట్టు నేలను ఊడ్చేది. ప్రతి ఆదివారం ప్రార్థన కాగానే అన్నయ్య దానికి నూనె రాసి, పాయలు తీసి, పల్చటి కాగితాల్లో చుట్టి కట్టేవాడు. గోక్కుని జుట్టు పాడుచేసుకోకుండా వెనక కాళ్ళకు మేజోళ్ళు. అవి అల్లేది వదిన. ఆవిడ మేజోళ్ళకు మాత్రం మడమల దగ్గర చిల్లులు. హాలిఫాక్స్ ఉన్ని మిల్లులో పగలంతా మగ్గాలతో కుస్తీ పట్టే మనిషి, సాయంత్రం కుక్కకు జడలు వేసేవాడు. పబ్బులో జరిగే కుక్కల అందాల పోటీలో గెలిస్తే ఒక రాగి కెటిల్ ఇస్తారు మరి.

ప్రిన్స్ జాతి కుక్కపిల్లలు నల్లగా పుడతాయి. నీలం తరవాత మెల్లగా దిగుతుంది. యుద్ధం అయిపోయిన ఏడు మా ఆడకుక్క నెల్ ఈనితే, ఒక ఆడ కుక్కపిల్ల నీలంగానే పుట్టింది. అన్నయ్య దాన్ని కోటు జేబులో పెట్టుకుని పబ్బుకి పరిగెత్తాడు.

"చూశారా మా ప్రిన్స్ రక్తం! అందరికీ ఏడాది పట్టే పని, కడుపులోనే పూర్తిచేసి పంపాడు!"

కుక్కల్ని పెంచి పండిపోయిన సైలస్ తాత దాన్ని దీపం దగ్గర తిప్పి చూశాడు. "నీలంగా పుట్టినదానికి జుట్టు నిలవదురా జాబెజ్."

"నీకు కుళ్ళు, తాతా."

ఆర్నెల్లు తిరక్కుండానే పిల్ల వీపు బోడిదైపోయింది. చర్మం పాత తోలుసంచిలా తేలింది. అన్నయ్య నూనె మార్చాడు, సబ్బు మార్చాడు, కాలేయం ఉడికించి పెట్టాడు. చివరికి తప్పెవరిదో తేల్చేశాడు. నెల్‌ది. నెల్ వచ్చింది వదిన పుట్టింటి నుంచి.

"మీవాళ్ళ రక్తమే అంత," అన్నాడు.

ఈ మాట వదినకు కొత్త కాదు. ఆవిడకు ఇద్దరు బిడ్డలు పుట్టి పురిట్లోనే పోయారు. రెండుసార్లూ ఇదే మాట అన్నాడు. వదిన అప్పుడూ నోరు మెదపలేదు, ఇప్పుడూ మెదపలేదు. నాకే ఒళ్ళు మండింది. మా తాతది బట్టతల, మా నాన్నది బట్టతల, అన్నయ్య నిద్రలో కూడా టోపీ తియ్యడు. వదిన పుట్టింటివాళ్ళు మాత్రం ఒత్తైన జుట్టుతో కాటికి వెళ్తారు. అయినా బోడితనం వాళ్ళ వైపు నుంచే వచ్చిందట!

"ఈసారి ప్రిన్స్‌ని సైలస్ తాత ఆడకుక్క బెస్సీతో కలుపుతా," అని అన్నయ్య ప్రకటించాడు. "దాని పిల్లలు అన్నీ నల్లగా పుట్టాయా, తప్పు నెల్‌దే. గోనెసంచిలో కట్టి కాలువలో పడేస్తా."

బెస్సీ ఈనేదాకా, ఆ రెండు నెలలూ వదిన నెల్‌ని ఒళ్ళోంచి దించలేదు. బోడిపిల్లకు మిల్లు ఉన్నితో చొక్కా అల్లింది.

బెస్సీ ఈనిన రోజు తాత బుట్ట పట్టుకుని మా ఇంటికే వచ్చాడు. మూడు నల్లవి. నాలుగోది నీలం.

అన్నయ్య బుట్టలోకి వంగి చూశాడు. "అయితే బెస్సీ రక్తం కూడా చెడ్డదే," అన్నాడు.

"రెండు వైపులా ఉంటేనే ఇలా పుడుతుందిరా," అన్నాడు తాత. "మాదాంట్లో ఉంది, ఒప్పుకున్నా. నీదాంట్లో?"

"ప్రిన్స్‌ని ఏమీ అనకు!"

"ఆడకుక్క మారింది, జాబెజ్," అంది వదిన. "నీలం మారలేదు. మారకుండా మిగిలింది ఎవరు?"

ఆవిడ గొంతు పెద్దది కాలేదు. అన్నయ్య చేతిలో పైపు మాత్రం ఆరిపోయింది. తాత బుట్ట తీసుకుని, లేని పనేదో గుర్తొచ్చినట్టు వెళ్ళిపోయాడు. నేను కదల్లేదు. ఇలాంటిది ఎవరైనా వదులుకుంటారా?

"సరే, నెల్‌ని ఉండనీ," అన్నాడు.

"ఉంటుంది. దాని తప్పు కాదని చెప్పు."

"పిచ్చా? కుక్కకి చెప్పాలా?"

"కుక్కకే చెప్పు. నేనిక్కడే ఉంటా."

అన్నయ్య నా వైపు చూశాడు. నేను కిటికీలోంచి మిల్లు పొగగొట్టాన్ని మహా శ్రద్ధగా చూశాను. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని, ఎందుకో టోపీ తీశాడు.

"నీ తప్పేం లేదు, నెల్."

"వినపడలేదు," అంది వదిన.

మళ్ళీ చెప్పాడు. ఈసారి చూసింది నెల్ వైపు కాదు, వదిన వైపు.