మామ రేడియోకు నేను చేసిన ఆపరేషన్

కొంప ముంచుకోవడానికి వరద రావాలంటారు. నాకు ఒక స్క్రూడ్రైవర్ సరిపోయింది. పెళ్లయిన ఎనిమిది నెలలకే అత్తగారింట్లో నా పరువును నా చేతులతోనే మరలు విప్పి, బల్ల మీద పరిచి, మళ్లీ బిగించడం చేతకాక నిలబడిపోయిన వైనం ఇది. మొహమాటపడకుండా నవ్వండి. ఇప్పుడు నేనూ నవ్వుతున్నాను.

మాది ప్రేమపెళ్లి. నాది మామిడిపల్లి, మా ఆవిడ సరితది కొత్తూరు దగ్గరి ఊరు. ఆమె నాన్న, అంటే మా మామ రాములు, టమాటాలూ ఆకుకూరలూ పండించే రైతు. పెళ్లికి వచ్చాడు, అక్షింతలు వేశాడు, నాతో మాత్రం మాట్లాడలేదు. ఎదురుగా కూర్చుని అన్నం తింటూనే, "సరితా, అల్లునికి ఇంకింత పప్పు గావాల్నేమో అడుగు" అనేవాడు. సరిత నా వైపు తిరిగి, "గావాల్నా?" అనేది. నేను "చాలు" అంటే, ఆయన వైపు తిరిగి "సాలట" అనేది. ఇద్దరి కంచాల మధ్య దూరం జానెడు. ఆ జానెడు దాటడానికి దుబాసీ కావలసి వచ్చేది.

నా ఉద్యోగం ఎయిర్‌పోర్టులో. ప్రయాణికుల పెట్టెలు తిరిగే బెల్టులు ఆగిపోతే సరిచేస్తాను. అత్తమ్మ మాత్రం "మా అల్లుడు ఇమానాలు బాగుచేస్తడు" అని వాడకట్టంతా చాటింది. నేను దిద్దలేదు. పెద్దవాళ్లు మాట్లాడుతుంటే అడ్డు తగలకూడదు కదా!

ఒక ఆదివారం పొద్దున మేం వెళ్లేసరికి మామ అరుగు మీద కూర్చుని ఉన్నాడు. నేరుగా నా ముఖంలోకి చూసి, "రేడియో పలుకుతలేదు. జర సూస్తవా?" అన్నాడు.

ఎనిమిది నెలల్లో నాతో అన్న మొదటి మాట! ఆ క్షణంలో నిజంగానే విమానాన్ని తెచ్చి వాకిట్లో నిలబెట్టినా విప్పేసేవాణ్ని.

అది ఆయన తండ్రి కొన్న వాల్వుల రేడియో. నున్నటి చెక్క పెట్టె, ముందర మూడు నాబులు. చూడనివారి కోసం చెబుతున్నాను: వాల్వు అంటే బల్బులాంటి గాజు గొట్టం. ఆ రేడియోలు స్విచ్చి వేయగానే పలకవు. ఎండలో పడి వచ్చిన మనిషి కాసేపు కూర్చుని, మంచినీళ్లు తాగి నోరు తెరిచినట్టు, అర నిమిషం వేడెక్కి అప్పుడు మాట్లాడతాయి.

స్విచ్చి వేశాను. దీపం వెలిగింది. వాల్వులు ఎర్రబడ్డాయి. సన్నటి గుర్రు తప్ప మాట లేదు.

"బయటి నాబులు తిప్పి సూడరాదూ?" అన్నాడు మామ మెల్లగా.

"రోగం లోపలున్నది మామా. పొట్ట ఇప్పాల్సిందే."

మామ దగ్గాడు. నేను దాన్ని మెచ్చుకోలు కింద జమకట్టాను.

వెనక చెక్క తీసి, ఐదు వాల్వులనూ వంకాయలు కోసినట్టు కోసుకొచ్చి బల్ల మీద పెట్టాను. ఒక్కోదాని నెత్తిన అద్దంలాంటి మరక ఉంది. "ఇగో, దొరికింది! మసి పట్టింది" అని ప్రకటించి స్పిరిట్‌తో రుద్దాను. పోలేదు. "అత్తమ్మా, జర చింతపండు ఉన్నదా?" అని అడిగాను. ఆమె సంబరంగా నిమ్మకాయంత ముద్ద తెచ్చింది. ఇద్దరం కలిసి ఇత్తడి చెంబులు తోమినట్టు తోమాం.

ఆ మరక గాజుకు లోపలి వైపు ఉందనీ, తయారీలోనే వేసే పూత అనీ నాకు తరువాత తెలిసింది. ఆ పూత అలాగే ఉంది. పోయింది మాత్రం గాజు మీద తెల్లగా అచ్చేసిన నంబర్లు. ఏ వాల్వు ఎక్కడ కూర్చోవాలో చెప్పే గుర్తులు అవే.

"ఏది యాడ పెట్టాల్నో యాదికున్నదా?" అంది సరిత అనుమానంగా.

"గదేమన్న పెద్ద ముచ్చటనా? పట్టిన కాడ పెడ్త!"

పెట్టాను. పట్టని వాటిని కొంచెం బతిమాలి, కొంచెం నొక్కి పెట్టాను. స్విచ్చి వేసి అందరం ఊపిరి బిగబట్టాం. అర నిమిషం గడిచింది. తోక తొక్కిన పిల్లిలా రేడియో ఒక్క కేక పెట్టింది. ఆ వెంటనే మాడు వాసన.

"అగో, పొగ!" అని అత్తమ్మ అరిచింది. మామ ఒక్క దూకులో ప్లగ్గు పీకేశాడు. తరువాత చాలాసేపు ఆ చెక్క పెట్టె మీద చెయ్యి వేసి, జ్వరం వచ్చిన పశువును నిమిరినట్టు నిమురుతూ నిలబడ్డాడు. చివరికి నా వైపు చూడకుండా అన్నాడు: "సరితా, గొంగడి తే. అత్తాపూర్‌ల యాదయ్య దగ్గరికి తీస్కపోవాలె. అల్లున్ని బండి తియ్యమను."

మళ్లీ దుబాసీ! నాకు ఏడుపొక్కటే తక్కువ.

శంషాబాద్ దాటేదాకా వెనక కూర్చున్న మామ పలకలేదు, ఆయన ఒళ్లో గొంగడి చుట్టుకున్న రేడియో పలకలేదు. అత్తాపూర్‌లో చిరునామా అంటే పిల్లర్ నంబరే కాబట్టి, ఎక్స్‌ప్రెస్‌వే కింద పిల్లర్లు లెక్కపెట్టుకుంటూ యాదయ్య దుకాణం పట్టుకున్నాం. ఆ ముసలి మెకానిక్ వెనక చెక్క తీసి, ఒక వాల్వును వాసన చూసి, కళ్లద్దాల పైనుంచి మమ్మల్ని చూశాడు.

"ఎవలు ఇప్పిండ్రు దీన్ని?"

నేను నోరు తెరిచాను.

"నేనే" అన్నాడు మామ.

"చింతపండుతోని తోమినవా? ఇవేమన్న చెంబులా?"

"అవ్, నేనే తోమిన."

"గింత వయసొచ్చింది. జర అకల్ ఉండొద్దా?"

"లేకపాయె అన్నా" అన్నాడు మామ తల వంచుకుని. నాకు భూమి చీలితే బాగుండుననిపించింది.

యాదయ్య వాల్వులను ఒక్కొక్కటే వెలుతురుకు పట్టి, లోపలి అమరికను బట్టి గుర్తుపట్టి, ఎవరి పీట మీద వాళ్లను కూర్చోబెట్టాడు. మాడిన ముక్క ఒకటి మార్చాడు. ముందరి నాబు ఒకటి ఇటు తిప్పాడు. అర నిమిషం తరువాత ఎవరో నిమ్మళంగా టమాటాలో ఆకుముడత గురించి చెప్పడం మొదలుపెట్టారు. మామ చెవి దగ్గరగా పెట్టి వినసాగాడు.

"అసలు దీనికి రోగమే లేదు" అన్నాడు యాదయ్య. "ఈ నాబు గ్రామఫోన్ దిక్కు తిరిగున్నది. గట్లుంటే రేడియో పలకదు. ఇటు తిప్పితే అయిపోతుండె."

కోతి పుండు బ్రహ్మరాక్షసి అంటారు. ఇక్కడ పుండు కూడా లేదండీ, ఉన్నదల్లా కోతి!

తిరుగుదారిలో శంషాబాద్ దగ్గర టీ తాగడానికి ఆగాం. "మామా, తప్పయింది" అన్నాను. "నాకు రేడియోలు రావు, ఇమానాలు రావు. నేను బెల్టులు బాగుచేసేటోన్ని. నా తప్పు మీరెందుకు మీదేసుకున్నరు?"

మామ గ్లాసును అటూ ఇటూ తిప్పాడు.

"తప్పు నాది గూడ ఉన్నది. ఆ నాబు తిప్పింది నేనే."

"మీరా! ఎందుకు మామా?"

"నీతోని మాట ఎట్ల కలపాల్నో సమజ్ గాలే. నువ్వొస్తవు, తిప్పుతవు, పలుకుతది, నేను శభాష్ బిడ్డా అంట. గంతే అనుకున్న. నువ్వేమో వచ్చుడు వచ్చుడే దాని పొట్ట చీరితివి! ఇగ ఎవలకు చెప్పుకోవాలె?"

ముందు ఎవరు నవ్వారో గుర్తు లేదు. ఆయన గ్లాసులోని టీ సగం నా చొక్కా మీద పడింది. నా కళ్లలో నీళ్లకు ఆ వేడి టీయే కారణమని అప్పుడు చెప్పాను.

అక్కడే లేచి నిలబడి, కుడిచెయ్యి చాచి, నిండు గాంభీర్యంతో ప్రమాణం చేశాను: ఈ జన్మలో అత్తగారింట్లో ఏ వస్తువుకూ మర తీయను, మూత విప్పను, మేకు పీకను. మామిడి తొక్కు జాడీని మాత్రం ఆ జాబితాలో చేర్చలేదు. ప్రతిజ్ఞ అన్నాక మనిషి బతకడానికి ఒక సందు ఉంచుకోవాలి.