గౌస్ భూకంపం, నా నిప్పు నక్క

ఆదివారంతో మన చిన్నప్పటి మాన్‌స్టర్ల ఆట సర్వర్ మూసేస్తారట. పొద్దున ఫోన్‌లో ఆ కబురు చదివినప్పటి నుంచి గౌస్ వాళ్లింటి కూలర్ గడ్డి తడి వాసనే ముక్కుకు తగులుతోంది.

గుర్తుందా దోస్తులూ, మేడ్చల్ స్టేషన్ పక్కనే ఆ ఇల్లు? ఇద్దరిద్దరం జట్టుకట్టి మాన్‌స్టర్లను పోరుకు దింపేవాళ్లం. మా జట్టులో నాది నిప్పు నక్క, గౌస్‌ది రాతి ఏనుగు. ఏనుగు భూకంపం తెచ్చిందంటే ఎగిరేవి తప్ప అన్నీ కూలిపోతాయి, పక్కనున్న జతగాడి మాన్‌స్టర్‌తో సహా. అయినా బయట రైలొచ్చి కిటికీ ఊచలు దడదడలాడితే చాలు, గౌస్ వేలు భూకంపం మీదే పడేది.

తూంకుంట పిల్లలతో ఫైనల్ రోజు వాళ్లు రెండూ ఎగిరేవే తెచ్చారు. ఇంకొక్క నిప్పు దెబ్బ తగిలితే గెలుపు మాదే. సరిగ్గా అప్పుడే రైలొచ్చింది.

"వద్దురా గౌస్, నా నక్క సస్తది!"

"రైలొస్తాంది భాయ్, ఎట్ల ఆగాలె? నువ్వే ఎగిరేదాన్ని తెచ్చుకో!"

నా నక్క ఒక్కటే కూలింది. ఓడిపోయాం. ఆ ఎండాకాలమే గౌస్ వాళ్లు ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయారు.

పొద్దుటి నుంచి తిండి మానేసి ఆ ఆటలో ఒక డేగను తయారు చేస్తున్నాను. కానీ రెండో ఆటగాడు లేనిదే జంట పోరు తెరుచుకోదు. గౌస్ పాత నంబరు పనిచేయడం లేదు. మీలో ఎవరికైనా వాడి జాడ తెలిస్తే, మీకు దండం పెడతాను, ఆదివారం లోపు ఈ మాట చేరవేయండి:

"అరే గౌస్, ఎగిరేదాన్ని తెచ్చిన. ఇగ రైలు కోసం సూడకు, కొట్టెయ్."