గుప్పిట్లో రాజు

మా చిన్నప్పుడు... తిరువూరు బస్టాండు పక్కన మస్తాన్ బాబాయి సైకిల్ షాపులో చదరంగం నడుస్తుండేది. అట్టపెట్టె మూత మీద సుద్దముక్కతో గళ్ళు. ఒక ఒంటె కాయ ఎక్కడో పోతే దాని బదులు సైకిల్ వాల్వు...

బాబాయి ఆటంతా కట్టెయ్యడమే. ఎదుటివాడి గుర్రం వెనకాల రాజు ఉంటే, ఐమూలగా తన ఒంటెని గురిపెట్టేవాడు. గుర్రం కదిలితే రాజు దొరికిపోతాడు. దాన్ని పిన్ అంటారని మాకేం తెలుసు! "రాటకి కట్టేశా, ఇక పీక్కో" అనేవాడు.

రాజు మీద గురి పడితే చెక్ అని చెప్పే పద్ధతి షాపులో లేదు. ఎవడి కళ్ళు వాడివి. కట్టేసిన గుర్రాన్ని మర్చిపోయి కదిపావా... రాజుని తినేసి గుప్పిట్లో పట్టుకోవడమే. అదే గెలుపు.

ఎనిమిదో తరగతిలో జిల్లా చదరంగం జట్టుకి సెలక్షన్లు. చదువులో నేను సున్నా. నన్ను బళ్ళో మనిషిలా చూడాలంటే అదొక్కటే దారి. ఆఖరి ఆట ఒక మాస్టారి అబ్బాయితో. వాడి గుర్రాన్ని కట్టేశాను. వాడు నా మంత్రికి ఆశపడి అదే గుర్రాన్ని ఎత్తి మంత్రిని తిన్నాడు. నేను టక్కున రాజుని తినేశాను.

గెలిచానని లేచి నిలబడ్డాను...

"రాజుని తినడమేంట్రా? ఇదేమన్నా పులిజూదమా?" అన్నారు ఆటల సారు. అందరూ నవ్వారు. రూల్సు తెలీనివాడు ఓడినట్టేనని మాస్టారి అబ్బాయి పేరు రాసేశారు. బల్ల పట్టుకుని బతిమాలాను. ఇంకొక్క ఆట పెట్టమన్నాను. గుప్పిట్లో రాజు చెమటకి జారిపోతున్నాడు...

అసలు వాడు ఆ గుర్రం కదపడమే రూలు ప్రకారం తప్పు. రాజుని తినకుండా నేను చెయ్యెత్తి సారుకి చెప్పుంటే సరిపోయేది. ఆ ముక్క ఒక్కరూ చెప్పలేదు.

షాపుకొచ్చి చెప్తే బాబాయి పంక్చరు వెయ్యడం ఆపాడు. "నేనూ చూసి నేర్చుకున్నోణ్ణేరా... నాకూ తెలీదు" అన్నాడు. మర్నాటి నుంచి ప్రతి ఆటలో చెక్ అని గట్టిగా అరిచేవాడు. నేను మాత్రం మళ్ళీ కాయ ముట్టుకోలేదు.

ఇప్పుడు విస్సన్నపేటలో మామిడికాయల షెడ్డులో పని. అన్నం తినేటప్పుడు ఫోన్లో చదరంగం ఆడుతుంటాను. అందులో కట్టేసిన గుర్రాన్ని ఎంత లాగినా కదలదు. ఆ రూలు ఇప్పుడు పసిపిల్లలకి కూడా ఫోనే చెప్పేస్తోంది. మొన్న ఊరికే లాగుతూ కూర్చున్నాను... కంచంలో అన్నం ఎండిపోయింది.

మీకూ ఉన్నారా... ఆట అయిపోయాక రూలు చెప్పినవాళ్ళు?